తిరిగి ఇచ్చిన తేదీ

జగన్నాథపురం వంతెన దిగగానే
మూతపడ్డ టైర్ల షాపు మీద
మా సంఘం గది.
మెట్లు పద్దెనిమిది.
నడవలేనివాళ్ల కోసం పెట్టిన ఆఫీసుకి
ఇన్ని మెట్లేమిటమ్మా అంటే
అద్దె తక్కువండి అంటాను.
పైకి రాలేనివాళ్లు కింద గంట కొడతారు.
పుస్తకం చంకన పెట్టుకుని నేనే దిగుతాను.
ఉప్పుటేరు పోటెక్కిన రోజుల్లో
చివరి మెట్టు మీద చెప్పులు తడుస్తాయి.

పుస్తకంలో నాలుగు గళ్లు:
వస్తువు, పేరు, తీసుకెళ్లిన తేదీ,
తిరిగి ఇచ్చిన తేదీ.

చక్రాల కుర్చీ, రెండో నంబరు.
మైలపల్లి నూకరత్నం, పర్లోవపేట.
మాఘంలో వెళ్లింది, చైత్రంలో వచ్చింది
చక్రాల నిండా ఇసుకతో.
ఏమీ అడగలేదు.
కుర్చీ దించిన మనవడే గుమ్మం దగ్గర ఆగి
"పడవలు చూస్తానందండీ" అన్నాడు.
నూనె పోశాను, చీపురుపుల్లతో గీకాను.
ఇప్పటికీ ఆ కుర్చీ ఎవరింట తిరిగినా
కరకరమంటూనే ఉంటుంది.

బులిమంగది వస్తువు కాదు.
పదకొండేళ్లు రొయ్యల కంపెనీలో
ఐసులో చేతులు పెట్టి తలలు తుంచింది.
వేళ్ల మీద గీతలన్నీ
రొయ్యపొట్టుతో పాటే రాలిపోయాయి.
రేషను మిషను మీద బొటనవేలు పెడితే
ఎర్రదీపం.
చూపుడువేలు పెడితే ఎర్రదీపం.
పదివేళ్లూ పెట్టింది, పదిసార్లూ
నువ్వు నువ్వు కావంది మిషను.
పేర్రాజు గారు ఆమెతో నాలుగు సోమవారాలు
ఆఫీసుల బెంచీల మీద కూర్చున్నారు.
నాలుగో సోమవారం
వేలొద్దు, కన్ను చూపించమన్నారు.
చూపించింది.
బియ్యం వచ్చాయి.
ఇది ఏ గడిలో రాయను?
వస్తువు: నాలుగు సోమవారాలు, అని రాశాను.

పెద్దాసుపత్రి వరండాకి
రాత్రి భోజనం క్యారేజీలు నలభై వెళ్తాయి.
చింతూరు కొండల నుంచి
రోగితో దిగినవాళ్లు, మా తెలుగు అర్థమయ్యీ కానట్టు
మూత తీసి ముందు వాసన చూస్తారు.
ముప్పై ఏడు తిరిగొస్తాయి.
మిగతా మూడూ ఏ కొండెక్కాయో
ఆరా తీయను.
అక్కడెవరి ఇంట్లోనో ఈపాటికి
ఉప్పు పోసి ఉంటారు.

చెప్పిన వేళకి ఎప్పుడూ తిరిగొచ్చేది ఒకటే.
ఐసుపెట్టె, మనిషి పొడవుది.
అది ఒక్క పూట కూడా ఆలస్యం కాదు.
ఒకసారి అడుగున బంతిరేకులు,
ఒకసారి మూత మీద మైనం చుక్కలు.
కడిగి తుడిచి
తీగ చుట్టి పెట్టేదాకా
మేమిద్దరం మాట్లాడుకోం,
నేనూ, రిక్షా మోజెస్సూ.

నిన్న లెక్కలు చూసే ఆయన వచ్చాడు.
మెట్లెక్కి ఆయాసపడి
మంచినీళ్లు తాగి
కళ్లజోడు పెట్టుకున్నాడు.
నాలుగో గడి మీద వేలు జరుపుకుంటూ
"ఇన్ని ఖాళీలేంటమ్మా?"
అతని వేలు పధ్నాలుగో పేజీలో ఆగింది.
వస్తువు: కుట్టుమిషను, పాతది, పాదంతో తొక్కేది.
పేరు చోట నా పేరు.

ఆ ఏడాది మా ఆయన పడవ రాలేదు.
పిల్లకి జ్వరం, చేతిలో ఇరవై రూపాయలు,
ఈ మెట్లు ఎక్కలేక
నేనూ కిందనే గంట కొట్టాను.
తర్వాత ఎన్నో ఏళ్లకి
పేర్రాజు గారు ఈ పుస్తకం నా ఒళ్లో పెట్టి
పేజీలు ఒక్కొక్కటే చూపించారు.
పధ్నాలుగు దగ్గరికొచ్చేసరికి
నా గుండె గొంతులో ఉంది.
ఆయన వేలికి ఉమ్మి అద్దుకుని
పదిహేను తిప్పారు.

ఆ మిషను మీదే ఇప్పటికీ
రాత్రి పది దాకా
జాకెట్లు కుడతాను. తొక్కుడుపలక ఒక పక్క అరిగింది.

"ఖాళీలేంటమ్మా?" మళ్లీ అడిగాడు.

"ఆయ్," అన్నాను,
"ఇంకా వాడుతున్నారండీ."

కింద గంట మోగింది.
పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకుని
దిగాను.